మైకేల్ పేరున టీ

టీ కావాలా అని నోరీన్ మూడుసార్లు అడుగుతుంది. బుకిట్ పంజాంగ్‌లో ఆమె ఫ్లాట్‌కి వచ్చిపోయే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆమె పుట్టింది ఐర్లండ్ పడమటి తీరంలో, రాళ్ళ గోడల మధ్య కాస్త పొలం, నాలుగు ఆవులు ఉన్న ఇంట్లో. అక్కడ ఇంటికొచ్చిన మనిషి మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం ఇంకా మర్యాద. మూడోసారి ఏమన్నారో అదే అసలు మాట.

నర్సు ఉద్యోగానికి సింగపూర్ వచ్చినప్పుడు ఆమెకి పాతికేళ్ళు. జురాంగ్‌లో ఓడలు బాగుచేసే చోట చెయ్యి కోసుకుని వచ్చిన జగన్మోహనరావుకి కుట్లు వేసింది. కుట్లు విప్పిన రోజున, టీ తాగుతారా అని అడిగింది. వద్దండీ అన్నాడు. మళ్ళీ అడిగితే, అబ్బే, ఎందుకండీ అన్నాడు. మూడోసారికి, మీరింతగా అడుగుతుంటే, అంటూ కుర్చీ లాక్కున్నాడు. ఆయనది పాలకొల్లు. ఈ మనిషి మా ఊరివాడే అనుకుంది నోరీన్.

పెళ్ళయ్యాక అత్తగారు వచ్చి పదేళ్ళు వాళ్ళతోనే ఉంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. కాబట్టి నోరీనే తెలుగు నేర్చుకుంది. ఫోనులో ఆమె గొంతు మాత్రమే విన్నవాళ్ళు గోదావరి వైపు పెద్దావిడ ఎవరో అనుకుంటారు.

అలాగని తనవాళ్ళని వదులుకోలేదు. మార్చిలో పాట్రిక్ పండుగ వస్తే ఆకుపచ్చ రిబ్బన్లు కత్తిరించేది. ఐర్లండ్ కుర్రాళ్ళు తమ దేశపు ఫుట్‌బాల్ ఆడే మైదానానికి బత్తాయిలు కోసి పట్టుకెళ్ళేది. అయితే ఆ వచ్చేవాళ్ళంతా బ్యాంకుల్లోనో, సైన్స్ పార్క్‌లోనో రెండేళ్ళ ఒప్పందం మీద వస్తారు, పోతారు. వాళ్ళకి నోరీన్ ఇల్లు నిజంగా కావలసి వచ్చేది ఒక్క సందర్భంలోనే. ఊళ్ళో తల్లో తండ్రో పోయి, ఇక్కడినుంచి వెళ్ళలేకపోయినప్పుడు.

అప్పుడందరూ ఆమె ఫ్లాట్‌లో కూడేవారు. బల్ల మీద పోయినవాళ్ళ ఫోటో, పక్కన కొవ్వొత్తి. టీ, సాండ్‌విచ్‌లు, అలవాటున్న వాళ్ళకి ఒక సీసా. ఆ ఫోటోలోని మనిషిని ఎవరూ చూసి ఉండరు. కొడుకో కూతురో మొదలుపెట్టేవారు. మా నాన్న ఒకసారి సంతలో పొరపాటున తన గొర్రెనే తాను బేరమాడి కొన్నాడు, అని. గంట తిరిగేసరికి ఇల్లంతా నవ్వులు. అలా నవ్వి సాగనంపితేనే పోయిన మనిషికి మర్యాద. లేకపోతే, చచ్చినవాణ్ణి చలిలోకి ఉత్త కడుపుతో పంపినట్టు. ఒకసారి కింది అంతస్తు చైనీస్ పెద్దాయన ఆ సందడి విని, పుట్టినరోజేమో అనుకుని, కేకు ముక్క లేదా అని తలుపు తట్టాడు. ఆయనకీ టీ ఇచ్చారు.

ఆమెలాగే ఇక్కడ ఉండిపోయిన పాతవాళ్ళలో కొందరు స్వదేశానికి వెళ్ళిపోయారు. కొందరు చనిపోయారు. చివరికి మిగిలిన డీర్డ్రా కిందటేడు కొడుకు దగ్గరికి పెర్త్ వెళ్ళింది.

బుధవారం నోరీన్ తమ్ముడు మైకేల్ చనిపోయాడని కబురు వచ్చింది. శనివారం ఖననం. అక్కడ అంతకంటే ఆగరు. నోరీన్‌కి తుంటి ఎముక ఆపరేషన్ అయి మూడు వారాలు. విమానం ఎక్కకూడదన్నాడు డాక్టర్. నర్సుగా తానే ఎంతమందికి చెప్పిందో ఆ మాట.

మైకేల్ పేరున తన ఇంట్లో కూడా టీ పెట్టాలి, జనం రావాలి, నవ్వాలి. ఆమెకి కావలసింది ఇదొక్కటే. ఐర్లండ్ వాళ్ళ గ్రూపులో రాసింది. జవాబుగా ఎర్ర గుండె బొమ్మలు చాలా వచ్చాయి. కానీ ఆ వారాంతం కుర్రాళ్ళంతా ఆటల పోటీకని బాంకాక్ వెళ్తున్నారు. వస్తామన్నది తెలుగువాళ్ళే.

శనివారం మధ్యాహ్నం కూతురు నిఖిల సెంగ్‌కాంగ్ నుంచి వచ్చేసరికి, నోరీన్ చేతికర్ర గోడకి ఆనించి, రొట్టె ముక్కలకి వెన్న రాస్తోంది.

"అమ్మా, ఇన్ని సాండ్‌విచ్‌లా? హూ విల్ ఈట్, లా?" అంది నిఖిల సింగపూర్ యాసలో.

"వచ్చినవాళ్ళు తింటారు. గుడ్డువి వేరే పెట్టాను, సత్యవాణి తినదు."

"వాళ్ళు చావింట్లో మంచినీళ్ళు కూడా ముట్టరమ్మా. యూ నో దట్. నాన్న పోయినప్పుడు చూశావుగా."

చూసింది. ఎనిమిదేళ్ళ కిందట జగన్మోహనరావు పోయినప్పుడు, వాళ్ళు చెప్పినట్టల్లా చేసింది. పొయ్యి వెలిగించలేదు. క్యారియర్లలో అన్నం వాళ్ళే తెచ్చారు. వచ్చినవాళ్ళు తల వంచుకుని కూర్చున్నారు, చెప్పకుండా లేచి వెళ్ళారు. ఆయన కుర్చీ లాక్కున్న ముచ్చట ఒక్కసారి చెప్పాలని ఆరోజు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అది ఆయన చావు, ఆయన వాళ్ళ పద్ధతి. మింగేసింది.

"పోనీ ముందే నేను చెప్పనా? మా అమ్మ వాళ్ళ ఊళ్ళో ఇలా, తినాలి, నవ్వాలి అని?"

"వద్దు."

"వై?"

"నవ్వమని చెప్పి నవ్వించుకోవడమా? అది నాటకం. మైకేల్‌కి నాటకాలు పడవు."

నిఖిల రొట్టెల అంచులు కోస్తూ, కోసిన అంచులు తింటూ నిలబడింది.

ఐదున్నరకి వాళ్ళు వచ్చారు. ముందు సుధాకరరావు, సత్యవాణి. వాళ్ళది ఎదుటి బ్లాకు. పందొమ్మిదేళ్ళ కిందట సత్యవాణి కొత్త కోడలిగా ఈ దేశానికి వచ్చినప్పుడు, నోరీన్ ఇంట్లో రెండుసార్లు టీ వద్దని, మూడోసారికి తల ఊపింది. నువ్వూ మా ఊరి పిల్లవే, అని నోరీన్ అప్పుడే తేల్చేసింది. ఆనాటినుంచి ఆ పిల్ల రోజు మార్చి రోజు వచ్చేది. వచ్చినప్పుడల్లా రెండుసార్లు వద్దనేది. అదొక ఆట వాళ్ళిద్దరికీ.

తరవాత ఇంకో నాలుగు కుటుంబాలు. అందరూ తెల్లటి, లేత రంగు బట్టల్లో వచ్చారు. చెప్పులు బయట విడిచి, మైకేల్ ఫోటోకి దణ్ణం పెట్టి కూర్చున్నారు. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడొక్కటే.

నోరీన్ టీపాట్ పట్టుకుని లేచింది. దానికి తొడిగిన ఉన్ని టోపీ వాళ్ళమ్మ అల్లింది.

"సుధాకరరావు గారూ, టీ?"

"వద్దండీ ఆంటీ. మీరు కూర్చోండి."

"కొంచెం."

"వద్దండీ."

"మైకేల్ పేరున, ఒక్క కప్పు."

ఆయన చేతులు జోడించాడు. "ఇప్పుడివన్నీ పెట్టుకోకండి ఆంటీ. మేం పరాయివాళ్ళమా?"

ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. ఒక్కొక్కరినీ మూడుసార్లు అడిగింది. చేతికర్ర ఒక చేత్తో, టీపాట్ ఇంకో చేత్తో. సత్యవాణి లేచి ఆ టీపాట్ మెల్లిగా అందుకుని బల్ల మీద పెట్టేసి, ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే నేల మీద కూర్చుంది.

"ఎలాంటి మనిషి ఆంటీ, మీ తమ్ముడు?"

నోరీన్ ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంది. నిటారుగా కూర్చుంది.

"పందొమ్మిదేళ్ళప్పుడు వాడొక పాత కారు కొన్నాడండీ. డొక్కు కారు. ఒక చలికాలం పొద్దున్న దూడకి జబ్బు చేసింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టాడు. చలికి వణుకుతోందని మా అమ్మ శాలువా తీసి తల మీదుగా కప్పాడు. దారిలో చర్చి ఫాదర్ ఎదురొచ్చాడు. ఆయనకి చూపు సరిగ్గా ఆనదు. కారు ఆపి, వెనక అద్దంలోంచి తొంగి చూసి, మా అమ్మే అనుకుని, టోపీ తీసి అన్నాడు కదా, గుడ్ మార్నింగ్ మిసెస్ లావెల్, ఇవాళ మొహం కళగా ఉందే మీకు, అని."

ఆగింది. ఇక్కడ ఆగాలి. అరవై ఏళ్ళ నుంచీ ఇక్కడ ఆగగానే నవ్వు వచ్చి పడుతుంది.

తలలు వంగే ఉన్నాయి. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"పశువు మీద కూడా ఎంత దయ," అన్నాడు సుధాకరరావు నెమ్మదిగా. "ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ అలాంటివాళ్ళు?"

"తల్లి శాలువా తీసి కప్పాడు చూడండి," అంది సత్యవాణి. పైటకొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నోరీన్ నిఖిల వైపు చూసింది. ఈ కథ వింటూనే పెరిగిన పిల్ల. చిన్నప్పుడు మేనమామ ఫోన్ చేస్తే, గుడ్ మార్నింగ్ మిసెస్ లావెల్, అనే పలకరించేది. నిఖిల నవ్వబోయింది. అంకుల్స్ అందరూ ఉన్నారు. పెదవి కొరుక్కుని, ఫోను చూసుకుంది.

ఆరింటికి టీవీలో చర్చి కనిపించింది. ఆ ఊరి పిల్లలు సగంమంది దేశాలు పట్టి పోయారు కాబట్టి, చర్చి గోడకి ఒక కెమెరా బిగించారు. పెళ్ళయినా చావైనా దూరపువాళ్ళు దాంట్లోనే చూస్తారు. పైనుంచి చూడటం వల్ల జనం నడినెత్తులే కనిపిస్తాయి. బట్టతలలని బట్టి నోరీన్ మనుషుల్ని పోల్చుకుంది. శవపేటిక సన్నగా, పొట్టిగా ఉంది. మైకేల్ అంత చిన్నవాడు కాడు అనుకుంది.

పూజ చివర మైకేల్ కొడుకు మాట్లాడటానికి లేచాడు. మాట ఆలస్యంగా వస్తోంది, ఆ యాస ఇక్కడెవరికీ అందడం లేదు. నోరీన్‌కి మాత్రం రెండో వాక్యానికే అర్థమైంది. దూడ. శాలువా. ఫాదర్.

మేనల్లుడు ఆగాడు.

చర్చి అంతా నవ్వింది. ఆ రాతి గోడల్లోంచి, ఏడువేల మైళ్ళు దాటి, టీవీ చిన్న గొంతులోంచి ఆ నవ్వు వచ్చి గదిలో పడింది. నోరీన్ కూడా నవ్వింది. పెద్దగా నవ్వింది. కుర్చీ చేతుల మీద అరచేతులతో కొడుతూ, భుజాలు ఎగిరిపడేలా నవ్వింది.

గదిలో అందరూ ఉలిక్కిపడి తలెత్తారు.

సత్యవాణి ఒక్క ఉదుటున లేచి ఆమెని రెండు చేతులతో చుట్టేసింది. "ఆంటీ, ఆంటీ. వద్దు. లోపల పెట్టుకోకండి. ఏడ్చేయండి. గట్టిగా ఏడ్చేయండి."

"లేదమ్మాయ్, నేను–"

"ఏడ్చేయండి ఆంటీ."

నోరీన్ తల సత్యవాణి భుజానికి గట్టిగా అదుముకుని ఉంది. అటు తిరిగి టీవీ చూడబోయింది, కుదరలేదు. చర్చిలో నవ్వు తగ్గుతూ, ఎవరిదో దగ్గుతో ఆగిపోవడం వినిపించింది. ఆ భుజం మెత్తగా ఉంది. నవ్వు గొంతులో ఎక్కడో దారి తప్పింది. నోరీన్ ఏడ్చింది.

"అదీ," అన్నాడు సుధాకరరావు, మిగిలినవాళ్ళతో. "ఇప్పుడు కాస్త తేలిక పడతారు."

ఆమె తలెత్తేసరికి మేనల్లుళ్ళు పేటికని భుజాల మీదకి ఎత్తారు. నాలుగు అడుగుల్లో అది తెర అంచు దాటిపోయింది. కెమెరా గోడకి కదా ఉన్నది, వెంట వెళ్ళదు.

ఒకరి తరవాత ఒకరు లేచారు. వెళ్ళొస్తామని చావింట్లో చెప్పకూడదు, ఎవరూ చెప్పలేదు. నోరీన్ ఊళ్ళో అయితే ఈ వేళకి గుమ్మం దగ్గర అరగంట వీడ్కోళ్ళు జరుగుతుండాలి. చెప్పులు వెతుక్కునే చప్పుడు, లిఫ్ట్ తలుపుల చప్పుడు. సాండ్‌విచ్‌ల మీద కప్పిన తడిగుడ్డ కదల్లేదు.

నిఖిల ఒకటి తీసి కొరికింది. నమల్లేక చేత్తోనే పట్టుకుంది. "అమ్మా, సారీ. నేను నవ్వాల్సింది."

"నువ్వేం చేస్తావే," అంది నోరీన్. "ఇంటికెళ్ళు. పిల్లాడు ఎదురుచూస్తుంటాడు."

కూతురు వెళ్ళిన కాసేపటికి మళ్ళీ తలుపు చప్పుడైంది. సత్యవాణి. ఇంటికి వెళ్ళి తలస్నానం చేసి వచ్చింది. జుట్టులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. చేతిలో క్యారియర్.

"చారూ అన్నం ఆంటీ, పెరుగు వేరే పెట్టాను. ఈ పూట పొయ్యి దగ్గరికి వెళ్ళకండి."

క్యారియర్‌ని బల్ల మీద, సాండ్‌విచ్‌ల పళ్ళెం పక్కన పెట్టింది. గుడ్డ అంచు తొలగి ఉంటే సర్దింది. టీవీలో చర్చి ఖాళీగా ఉంది. ఒక ముసలామె వచ్చి కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పుతోంది.

"టీ తాగుతావా సత్యా?"

"వద్దాంటీ."

"ఒక్క చుక్క."

"వద్దులెండి."

సత్యవాణి తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. చెప్పులు తొడుక్కోలేదు. పందొమ్మిదేళ్ళుగా ఈ చోట ఆమె ఇలాగే నిలబడుతుంది, రెండో మాటకీ మూడో మాటకీ మధ్య. నోరీన్ ఆ తడి జుట్టు చూసింది. స్నానం చేసి వచ్చిన పిల్ల. మూడోసారి అడిగితే వచ్చేది అసలు మాట.

నోరీన్ అడగలేదు.

సత్యవాణి ఇంకొంచెంసేపు నిలబడి, ఏమీ చెప్పకుండా, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.