బస్సు సీట్లోంచి కొలత

మా పిన్ని దర్జీ. ముప్ఫయ్యేళ్లుగా ఇంటి ముందుగదిలోనే ఆమె మిషను. స్కూలు నిక్కర్ల నుంచి పెళ్లి కోట్ల దాకా అన్నీ కుట్టింది. కుదరలేదని గుడ్డ వెనక్కి తెచ్చినవాడు లేడని గొప్పగా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ, నిజమే కాబట్టి.

బాబాయి సిటీ బస్సు డ్రైవరు. తెల్లవారుజామున మొదటి ట్రిప్పు ఆయనది. సరిగ్గా ఆ వేళకే సైకిలు క్లబ్బువాళ్లు రోడ్డెక్కుతారు. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, చెప్పులు విప్పకముందే మొదలుపెడతాడు.

"రోడ్డు వీళ్ల తాత వేయించాడా? ఇద్దరిద్దరు పక్కపక్కన తొక్కుతూ కబుర్లు! ఆ గుడ్డలేమిటే, ఒంటికి తారు పూసుకున్నట్టు! మసక వెలుతుర్లో రోడ్డేదో మనిషేదో తెలిసి చావదు."

"ఇకమీద ఆ తారు పూసేది నేనే లెండి," అంది పిన్ని ఒకరోజు, దారాన్ని పళ్లతో తెంపుతూ.

క్లబ్బు పెద్ద ఒకావిడ ఉంది. బ్యాంకు మేడం అంటాం. ముప్ఫై చొక్కాలు కుట్టాలని పిన్నిని అడిగింది. ఒంటికతుక్కునే నల్లగుడ్డ, వెనక నడుం దగ్గర లైటు పడితే మెరిసే పట్టీ. ముందు తనకొకటి కుట్టించుకుంది, బాగుంటే మిగతావి.

"ఇంట్లో కూర్చుని శత్రువుకి కవచం కుడుతున్నావన్నమాట," అన్నాడు బాబాయి.

మేడం ఆ చొక్కా పట్టుకెళ్లిన మూడోరోజు ఆయన ఆలస్యంగా వచ్చాడు. తిట్టలేదు. కుర్చీలో కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు. పిన్ని మిషను ఆపింది.

"ఏమైందండీ?"

"మీ మేడమే. జానెడు దూరంలో ఆగింది బస్సు. నిలబడ్డవాళ్లంతా ఒకరిమీదొకరు పడ్డారు. దిగి అరిచాను. ఆవిడా అరిచింది, పట్టీ ఉందిగా, కళ్లు లేవా అని. ఒట్టేసి చెబుతున్నా, నాకు పట్టీ కనపడలేదే!"

పిన్ని చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. తను కుట్టిన పట్టీ కనపడలేదంటే ఆయన చూపైనా తప్పి ఉండాలి, తన చెయ్యైనా తప్పి ఉండాలి. చూపు తప్పిన డ్రైవరుకి స్టీరింగు ఇవ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరూ పైకి అనలేదు.

సాయంత్రం మేడంకి ఫోను చేసింది. "సైకిలుతో సహా రండి. రోజూ జేబుల్లో ఏం పెట్టుకుంటారో అవన్నీ పెట్టుకునే రండి."

మేడం వచ్చింది, మూతి ముడుచుకుని. బాబాయి గోడవైపు తిరిగాడు. పిన్ని ఇద్దర్నీ పట్టించుకోలేదు. సైకిలు నడిగదిలో పెట్టించింది. నేను హ్యాండిలు పట్టుకున్నాను. బాబాయిని గుడ్డ కత్తిరించే బల్ల ఎక్కి కూర్చోమంది.

"మీ సీటు ఎత్తు ఇంతేగా? టార్చి వేసి చూడండి." గదిలో లైటు ఆర్పేసింది.

మేడం నిలబడి ఉన్నంతసేపూ పట్టీ తళతళలాడింది. సైకిలెక్కి వంగగానే మాయమైంది. చొక్కా పైకి ముడతపడింది. వెనక జేబుల్లో కుక్కిన వానకోటూ అరటిపళ్లూ పట్టీమీదికి బొజ్జలా వేలాడాయి.

"చూశావా!" బాబాయి బల్లమీద నుంచి దూకినంత పని చేశాడు. "నా కళ్లు బానే ఉన్నాయి!"

"తప్పు నాదే," అంది పిన్ని. "వంగి తొక్కే మనిషిని నిటారుగా నిలబెట్టి కొలిచాను."

ఓడిపోయినట్టు అనలేదు. సూదిలో దారం మార్చినంత మామూలుగా అంది. నేనైతే ఆ ముక్క ఒప్పుకోవడానికి నెల పట్టేది.

"సరే, పట్టీ ఎక్కడుండాలో మీరే చెప్పండి. రోజూ వాళ్ల వెనక ఉండేది మీరేగా."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో ఆయన్ని గుడ్డల గురించి సలహా అడగడం అదే మొదలు. "కాళ్లకి. తొక్కుతుంటే కాళ్లు పైకీ కిందికీ ఆడతాయి. ఆడేదానిమీదే ముందు కన్ను పడుతుంది. మడమలపైన వెయ్యి."

"మేజోళ్లకా?" అంది మేడం. "చిన్నపిల్లల బూట్లలా ఉంటుందండీ. క్లబ్బులో నవ్వుతారు."

"నవ్వనివ్వండి మేడం. నవ్వాలన్నా మనిషి మిగలాలిగా. పట్టీ లేకుండా కావాలంటే గుడ్డ ఇంకెక్కడైనా ఇచ్చుకోండి, నేను కుట్టను."

మేడం బాబాయి వైపు తిరిగింది. "మరి డ్రైవరుగారూ, రోజూ మా వెనక మోగించే ఆ హారను కాస్త తగ్గిస్తారా?"

"ముందే కనపడితే హారనెందుకమ్మా?"

ఆ రాత్రే పిన్ని మేడం మేజోళ్లకి పట్టీలు కుట్టిచ్చింది. మర్నాడు మొదటి ట్రిప్పుకి తను కూడా బస్సెక్కింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన బండిలో ముందు సీట్లో కూర్చోవడం అదే మొదటిసారట. మెడలో టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. పెద్దరోడ్డెక్కాక బాబాయి గేరు తగ్గించాడు.

"అదిగో."

పిన్నికి ఇంకా ఏమీ కనపడలేదు. కళ్లు చికిలించి చూసింది. దూరంగా రెండు మెరుపు చుక్కలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. బస్సు నుంచి ఆ సైకిలు దాకా దీపస్తంభాలు లెక్కపెట్టింది. ఐదు. బస్సు నెమ్మదిగా కుడికి జరిగింది, నిలబడ్డవాళ్లలో ఒక్కరూ తూలలేదు. మేడం పక్కగా, మనిషంత ఎడంలో దాటిపోయారు. హారను మోగలేదు.

"ఐదు స్తంభాలు!" పిన్ని లేచి నిలబడింది. "ఇక్కడే ఆపండి. ముప్ఫై జతలు కుట్టాలి."

"ఇక్కడ స్టాపు లేదు," అన్నాడు బాబాయి, కళ్లు రోడ్డుమీదే ఉంచి. "ఎవరికైనా ఒకటే రూలు. కూర్చో."