ముగ్గుపిండితో రాసిన ప్రశ్నపత్రం

పొద్దున్నే ఎదురింటమ్మాయి వాకిట్లో పేడనీళ్ళు చల్లుతుంది. ఆ పచ్చి వాసన తగలగానే అందరికీ ముగ్గు గుర్తుకొస్తుందేమో, నాకు మాత్రం లెక్కల పరీక్ష గుర్తుకొస్తుంది. దాని వెనకే రామప్ప మేష్ట్రు వస్తారు.

ఆరేళ్ళప్పుడు నాకు అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది గాని చూపు మసకబారింది. పుస్తకంలోని అక్షరాలు చీమలబారులా కనిపించేవి. మా ఊరు బట్లహళ్ళి బడిలో మేష్ట్రు నన్ను ముందు వరుసకు మార్చారు. ప్రయోజనం లేకపోయింది. ఒకరోజు మా ఇంటి ముందు ఆగి, అమ్మ వేసిన ముగ్గులో చుక్కలెన్నో చెప్పమన్నారు. వంగి చూసి చెప్పాను. మర్నాడు బడి నేలను పేడతో అలికి, దానిమీద ముగ్గుపిండితో జానెడేసి అక్షరాల్లో పాఠం రాశారు. చదివేశాను.

ఊరు నవ్వింది. అంగడి ముందు కూర్చున్నవాళ్ళు, "ఏం మేష్ట్రూ, మీ ఇంట్లో అమ్మగారికి ఒళ్ళు బాగలేదా? ముగ్గులు మీరే ఏస్తాండారు!" అనేవారు.

"ఆమె బాగానే ఉండాది. నాకే గీత కుదర్లేదు. నువ్వొచ్చి సరిచెయ్యప్పా," అనేవారు ఆయన, చేతులైనా దులుపుకోకుండా.

అలా నాలుగేళ్ళు గడిచాయి. పై చదువుకు పోవాలంటే రాయాల్సిన లోయర్ సెకండరీ పరీక్ష చింతామణి పట్నంలో. తప్పితే బడి మాన్పిస్తానని నాన్న ముందే చెప్పేశాడు. ప్రశ్నలు పెద్దక్షరాల్లో ఇమ్మని మేష్ట్రు పైవాళ్ళకు అర్జీ పెట్టారు, జవాబు రాలేదు. మొదటిదైన లెక్కల పరీక్షనాడు ఆయన తువ్వాలు నడుముకు బిగించి, మేమొచ్చిన బండి ఎద్దుల పేడతోనే అక్కడి పెద్దబడి వరండా అలికారు. గంట మోగాక నా చేతిలోని ప్రశ్నపత్రం తీసుకుని నేలమీద రాయడం మొదలుపెట్టారు. పరీక్షల సూపరింటెండెంటు పరుగున వచ్చాడు.

"ఏందిది మేష్ట్రూ? పాపకి జవాబులు చెప్తాండారా?"

"మీరిచ్చిన ప్రశ్నలే సార్. పక్కనే నిలబడి చూడండి. ఒక్క అక్షరం ఎక్కువుంటే తుడిచేస్తా."

"ఇట్లా రాయొచ్చని రూల్సులో యాడుండాది?"

"రాయకూడదని యాడుండాదో చూపించండి."

సూపరింటెండెంటు రూల్సు పుస్తకం తిరగేశాడు. దొరకలేదు. మూతి బిగించి, చివరి ప్రశ్న దాకా పక్కనే నిలబడ్డాడు.

నేను మోకాళ్ళమీద పాకుతూ చదివాను, కాగితానికి ముఖం ఆనించి రాశాను. రెండు లెక్కలు మిగిలి ఉండగానే ఆఖరి గంట మోగింది. సూపరింటెండెంటు జవాబుల కాగితం కోసం చెయ్యి చాచాడు. మేష్ట్రు అడ్డంగా నిలబడ్డారు.

"అందరికీ ఒకటే టైము. ఈ పాపమీద దయ చూపిస్తే మిగతావాళ్ళు ఊరుకుంటారా?"

"దయ ఎవరడిగినారప్పా? నేను రాసేదానికి అరగంట పట్టింది, మీరే చూసినారు. ఆఖరి అక్షరం నేలమీద పడినప్పుడు గదా అమ్మణ్ణికి ప్రశ్నపత్రం అందింది? ఆడినుంచి లెక్కపెట్టండి."

సూపరింటెండెంటు జేబుగడియారం తీసి చూశాడు. తరువాత కుర్చీ తెప్పించుకుని ఇంకో అరగంట అక్కడే కూర్చున్నాడు.

పాసయ్యాను. మేష్ట్రు మెచ్చుకోలేదు. "రెండో లెక్కలో తొందరపడినావు," అన్నారు, అంతే.

పెద్దయ్యాక ఒక దినపత్రికలో ఉద్యోగానికి చేరాను. చిన్న అక్షరాల కాగితాలు నా బల్లమీదికి వచ్చేవి. పెద్దగా రాసివ్వమంటే, ఈమెకెందుకు ఇన్ని రాయితీలని గొణిగినవాళ్ళున్నారు. వాళ్ళతో వాదించేదాన్ని కాదు. కాగితం వెనక్కి నెట్టి ఒక్కమాటే అనేదాన్ని, ఇప్పటికీ అంటాను:

"ఇది నాకింకా అందలేదు."