కూర్చుని తినడానికి ఓడెక్కిన చంద్రకాంతమ్మ

చంద్రకాంతమ్మ ఓడెక్కి సముద్రం మీదికి పోతానన్నప్పుడు ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఏదో మాటవరసకు అందిలే అనుకున్నారు. పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజున మాత్రం కొడుకు ప్రతాప్ అన్నం తింటున్నవాడల్లా చెయ్యి ఆపేశాడు.

"నిజంగానే పోతా ఉండావా మా?"

"లేకపోతే ఇది ఎందుకు? తిరుచానూరు పోయేదానికా?" అంది చంద్రకాంతమ్మ.

ఆమెకు అరవై దాటాయి. తిరుపతి బస్టాండు వెనక సందులో మెస్సు నడుపుతుంది. భర్త యోగానంద మొదలుపెట్టిన మెస్సు అది. ఆయన పోయాక మూసేస్తుందేమో అనుకున్నారు చుట్టుపక్కలవాళ్లు. పదకొండో రోజు కర్మ అయిన మర్నాడే పొయ్యి వెలిగించింది. కొండ దిగివచ్చిన గుండ్లవాళ్లూ, కాణిపాకం చూసుకుని పిల్లలతో దిగినవాళ్లూ, రైలు తప్పిపోయినవాళ్లూ అందరూ ఆమె చేతి అన్నం తిన్నవాళ్లే. ఎవరికి కారం కావాలో, ఎవరికి మజ్జిగన్నంతో సరిపోతుందో అడిగి మరీ పెట్టేది. తాను మాత్రం ఏనాడూ కూర్చుని తినలేదు. పొయ్యి పక్కన నిలబడి, గిన్నె మూతలో రెండు ముద్దలు కలుపుకుని, అవీ చల్లారాక మింగేది.

యాత్రలకు పోలేదా అంటే పోయింది. కాశీకి పోయింది, రామేశ్వరం పోయింది. టూరు బస్సులో వంటమనిషి ఉన్నాడు గానీ, "మెస్సు కాంతమ్మ ఉండగా మనకేమి దిగులు" అని దారి పొడవునా ఆమె ముందర కూరగాయల బుట్ట పెట్టారు. గంగ ఒడ్డున అందరూ దీపాలు వదులుతుంటే ఆమె వంకాయలు తరిగింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండేది.

ఓడ మాట ఎత్తింది కృపామణి. ఆమె నర్సుగా పనిచేసి రిటైరయింది. పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టిన మనిషి. డ్యూటీ చేసిన రోజుల్లో మధ్యాహ్నం భోజనానికి మెస్సుకే వచ్చేది. అట్లా మొదలైన స్నేహం. చెన్నైలో ఎక్కి, శ్రీలంక రేవులు రెండు చూసి, మళ్లీ చెన్నైలో దిగే ఓడ ఒకటుందని ఒకరోజు ఫోనులో బొమ్మలు చూపించింది.

"ఆడ మనం ఏం చెయ్యాల?" అని అడిగింది చంద్రకాంతమ్మ.

"ఏమీ చెయ్యకూడదు అక్కా. కూర్చోవాల. వాళ్లు తెచ్చి పెడతారు. నచ్చకపోతే ఇంకోటి తెమ్మని చెప్పొచ్చు."

ఆ మాటతో నిర్ణయం అయిపోయింది.

ఏర్పేడు నుంచి పెద్ద బావగారు ఫోను చేశారు. "మొగుడు పోయిన మనిషివి, ఈ వయసులో సముద్రం దాటి పోతావా? ఎవురెవురో వండింది తినేదానికా?"

"నేను వండింది ఇన్నేండ్లుగా ఎవురెవురో తింటా ఉండారు కదా బావా. వాళ్లకేమైంది?" అంది ఆమె. బావగారు ఫోను పెట్టేశారు.

ప్రతాప్ ఇంకో దారిలో వచ్చాడు. "మెస్సు ఎవురు చూస్తారు?"

"నువ్వు చూడు. చూడలేకపోతే మూసెయ్. నేను లేకపోతే తిరుపతి పస్తుండదు."

ఓడలో గది ఎంచుకునేటప్పుడు కృపామణి ఒక మాట చెప్పింది. కింది అంతస్తులో, ఓడ నడుమ ఉన్న గదైతే ఊగుడు తక్కువ. కిటికీ లేని గది చవక. మొదటి మాటకు చంద్రకాంతమ్మ తలూపింది గానీ రెండోదానికి ఒప్పుకోలేదు. "కిటికీ లేని వంటింట్లో బతికినాను. దుడ్డిచ్చి మళ్లా అట్లాంటి కొట్లోకే పోవాల్నా?" కోడలు ధరణి పట్టుచీరలు ఇస్త్రీ చేయించి తెచ్చింది. ఈ ఓడ కోట్లూ బూట్లూ వేసుకుని భోంచేసే రకం కాదనీ, శుభ్రంగా ఉంటే చాలనీ కృపామణి అప్పటికే కనుక్కుని ఉంది. అందుకని నూలుచీరలే సర్దుకున్నారు. రాత్రిపూట ఏసీ చలికి ఒక శాలువా, కడుపులో తిప్పితే చప్పరించడానికి ఎండబెట్టిన అల్లం ముక్కలు పెట్టుకున్నారు. "చెప్పులు కూడా మంచివి పెట్టుకో మా" అని ప్రతాప్ చివరి నిమిషంలో తోలు చెప్పుల జత తెచ్చి పెట్టెలో దూర్చాడు. కోపమున్నా కొడుకే కదా.

చెన్నై రేవులో వాళ్ల గుంపు మొత్తం కలిసింది. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి ముప్పైమంది దాకా ఉన్నారు. వాళ్లను తీసుకుపోయే టూరు మేనేజరు రూపశ్రీ, చురుకైన పిల్ల. రైసు కుక్కర్లు, కరెంటు పొయ్యిలు తెచ్చినవాళ్లవన్నీ రేవులోనే తీసి పక్కన పెట్టించారు. నిప్పంటుకునే ప్రమాదమున్నదేదీ ఓడలో ఒప్పుకోరట. అందరూ లబలబలాడారు. చంద్రకాంతమ్మకు ఏ బాధా లేదు. ఆమె ఒక గరిటె కూడా తెచ్చుకోలేదు.

ఓడ కదిలాక రూపశ్రీ అందరినీ ఒకచోట కూర్చోబెట్టింది. "మన గ్రూపంతా పై అంతస్తులో బఫేకే పోదాం. మనకు కావాల్సింది మనమే తట్టలో పెట్టుకోవచ్చు. కింద పెద్ద భోజనాల హాలుంది గానీ, ఆడ కూర్చుంటే రెండు గంటలు పడుతుంది. ఇంగ్లీషులో చెప్పుకోవాల. మనకు ఎందుకది?"

"నేను కిందనే తింటాను" అంది చంద్రకాంతమ్మ.

"అమ్మా, మీకు కష్టమవుతుంది."

"తట్ట పట్టుకొని వరసలో నిలబడేది నాకు కష్టం. కూర్చునేది కష్టం కాదు."

ముందు వరసలో ఉన్న పెద్దమనిషి వెనక్కి తిరిగాడు. ఆయన వెంకటేశ్వర్లు, చిత్తూరు దగ్గర మామిడి తోటలున్న ఆసామి. పక్కన ఆయన భార్య దేవకమ్మ తల వంచుకుని కూర్చుంది. "ఈమెను నాకు తెలుసప్పా. బస్టాండు కాడ మెస్సు" అన్నాడు ఆయన నవ్వుతూ. "నలుగురికీ వడ్డించే ఆమె కూడా దొరసానిమాదిరి కూర్చుంటానంటే ఎట్లా?"

కొందరు నవ్వారు. చంద్రకాంతమ్మ చెవులు వేడెక్కాయి. అయినా గొంతు పెంచలేదు. "నలుగురికీ వడ్డించినాను కాబట్టే కూర్చుంటానంటా ఉండాను. మీరు మా మెస్సులో తిన్నప్పుడు మీ తట్ట మీరు కడగలేదు కదన్నా" అని లేచిపోయింది. కృపామణి ఆమె వెంటే నడిచింది.

ఆ సాయంత్రం ఇద్దరూ ముస్తాబై కింది హాలుకు పోయారు. గుమ్మంలో ఉన్న మనిషి చంద్రకాంతమ్మ కాళ్ల వైపు చూసి ఏదో అన్నాడు. పగిలిన మడమలకు మెత్తగా ఉంటాయని ఆమె రబ్బరు చెప్పులేసుకుంది. "సాయంత్రం పూట ఈ చెప్పులు లోపలికి కూడదంట అక్కా. పొట్టి నిక్కర్లు కూడా కూడదంట" అని కృపామణి తెలుగులో చెప్పింది.

"మనకేనా, అందరికీనా?"

"అందరికీ." అప్పుడే ఒక తెల్లదొర నిక్కరు మీద వచ్చి, అదే మాట చెప్పించుకుని, గొణుక్కుంటూ వెనక్కి పోయాడు.

చంద్రకాంతమ్మ తలూపింది. లుంగీ ఎగ్గట్టుకుని మెస్సులోకి వచ్చేవాళ్లను తానూ గుమ్మంలోనే ఆపేది. అందరికీ ఉన్న నియమమైతే ఆమెకు పేచీ లేదు. గదికి పోయి తోలు చెప్పులేసుకుని వచ్చింది. కొత్తవి, బొటనవేలి దగ్గర కరిచాయి. అయినా తల ఎత్తుకునే నడిచి లోపలికి పోయింది.

వాళ్ల బల్ల దగ్గరికి వచ్చిన మనిషికి సగం తల నెరిసింది. పేరు పాల్, ఊరు నాగర్‌కోవిల్. అది తెలియగానే చంద్రకాంతమ్మ ముఖం విప్పారింది. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్లకు తమిళం రాకపోవడమేమిటి? మాంసం, చేప తినననీ, గుడ్డు కూడా వద్దనీ, ఉల్లి వెల్లుల్లితో ఇబ్బంది లేదనీ, రాత్రికి రవ్వంత పెరుగన్నం ఉంటే చాలనీ తమిళంలోనే చెప్పింది. ముందురోజు రాత్రే చెబితే కావాల్సినట్టు చేయించి పెడతానన్నాడు పాల్. కృపామణి చేప చెప్పుకుంది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద గుమ్మడికాయ చారులాంటిదేదో వచ్చింది. తర్వాత కాల్చిన కూరగాయలు, ఆ తర్వాత పెరుగన్నం. చంచాలు అటుంచి ఆమె చేత్తోనే కలుపుకుంది. పక్క బల్లవాళ్లు చూశారు. చూడనీ అనుకుంది.

"ఇన్నుం కొంచం?" అని అడిగాడు పాల్. ఇంకొంచెమా అని.

చంద్రకాంతమ్మ తల ఎత్తి అతన్ని చూసింది. ఆ మాట ఆమె ఎన్ని వేలమందిని అడిగిందో! తనను అడిగినవాళ్లు ఎవరూ గుర్తుకు రాలేదు. "పెట్టప్పా" అంది తెలుగులోనే.

మర్నాడంతా సముద్రం పొంగింది. గుంపులో సగంమంది గదుల్లోంచి బయటికి రాలేదు. చంద్రకాంతమ్మకు కూడా కడుపులో తిప్పింది. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, కిటికీలోంచి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత మీదే చూపు నిలపమని కృపామణి చెప్పినట్టు చేసింది. రెండుసార్లు కక్కుకుంది. ఓడలోని వైఫైతో ప్రతాప్ నుంచి ఫోనులో మెసేజీలు వరసగా వచ్చాయి. గ్యాసు సిలిండరు యాడుంది, పప్పులో ఉప్పెంత. ఆమె ఫోను కట్టేసి పడుకుంది.

మొదటి రేవులో ఓడ ఒడ్డుకే ఆనింది, దిగడం తేలికయింది. రెండో మజిలీ చిన్న ఊరు. ఓడ రేవులోకి పోకుండా దూరాన లంగరు వేసింది. అక్కడి నుంచి చిన్న పడవల్లో ఒడ్డుకు పోవాలి. రూపశ్రీ పొద్దున్నే వచ్చి, అరవై దాటిన ఆడవాళ్లెవరూ దిగొద్దని చెప్పింది. పడవ ఊగుతోందట.

"అది ఓడవాళ్ల మాటా, నీ మాటా?" అని అడిగింది చంద్రకాంతమ్మ.

రూపశ్రీ తడబడింది. "నా జాగ్రత్త నాది అమ్మా. ఏమన్నా అయితే నన్నే కదా అడుగుతారు."

"ఓడవాళ్లేమన్నారు?"

"ఎవరి కాళ్ల మీద వాళ్లు దాటగలిగితే పోవచ్చన్నారు."

"అయితే నా కాళ్ల సంగతి నేను చూసుకుంటాను పాపా. నీ మీద మాట రానీను."

మాటైతే అనేసింది గానీ కింది అంతస్తు తలుపు దగ్గర నిలబడి, కింద పడవ లేచి పడడం చూసేసరికి కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. నీళ్లు నల్లగా ఉన్నాయి. వెనక్కి పోతే ఎవరూ ఏమీ అనరు. అదే ఆమెకు గుచ్చుకుంది. ఎవరూ ఏమీ అనరు, ముందే అనుకున్నారు కాబట్టి.

"నీళ్ల వైపు చూడొద్దు అక్కా" అంది వెనక నుంచి కృపామణి. ఆమె చిన్నప్పుడు పడవల్లోనే పెరిగింది. "నావికుడి మణికట్టు కాదు, మోచేయి కింద పట్టుకో. పడవ పైకి లేస్తాది సూడు, అప్పుడు వెయ్ అడుగు."

పడవ లేచింది. చంద్రకాంతమ్మ కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి అడుగు వేసింది. మోకాలు కలుక్కుమంది. పడబోయి బల్ల మీద కూర్చుండిపోయింది. చెమట పట్టిన ముఖం ఎత్తి చూస్తే, పైన ఓడ కటకటాల దగ్గర దేవకమ్మ నిలబడి తననే చూస్తోంది. చంద్రకాంతమ్మ చెయ్యి ఊపింది. దేవకమ్మ ఊపలేదు. ఆ ఒడ్డున చూసింది పెద్దగా ఏమీ లేదు. ఒక చిన్న గుడి, కొబ్బరి బొండాల బండి, ఎండ. అయినా చంద్రకాంతమ్మ బొండాం తాగి, మళ్లీ అదే పడవలో, అదే భయంతో వెనక్కి వచ్చింది.

చివరి రాత్రి కింది హాల్లో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. గుమ్మంలో దేవకమ్మ కనిపించింది. ఒక్కతే వచ్చింది. నాలుగు రోజులుగా పై అంతస్తులో ఆమె చేసిన పని ఒకటే. వెంకటేశ్వర్లుకు పళ్లెం నింపి తేవడం, ఆయన బాగాలేదన్నది మార్చి తేవడం, చివర్లో మిగిలింది తాను తినడం. ఇది గుంపులో అందరూ చూసిందే.

"ఈడ కూర్చోవచ్చునా?" అని అడిగింది దేవకమ్మ.

చంద్రకాంతమ్మ పక్క కుర్చీ జరిపింది. పాల్ వచ్చి ఏం కావాలని అడిగితే దేవకమ్మ చంద్రకాంతమ్మ వైపు చూసింది. "నీకేమిష్టమో చెప్పమ్మా" అంది చంద్రకాంతమ్మ.

"మా ఇంట్లో ఆయనకు…"

"ఆయనకు కాదు. నీకు."

"తీపి" అంది దేవకమ్మ. "ముందే తీపి తినొచ్చునా?"

పాల్ మామిడిపండుతో చేసిన చల్లని తీపి తెచ్చి పెట్టాడు. ఆమె రెండు చంచాలు తిన్నదో లేదో వెంకటేశ్వర్లు వచ్చాడు. పైన ఆమె కోసం వెతికి వచ్చినట్టుంది, ఊపిరి ఎగబోస్తోంది.

"లెయ్" అన్నాడు.

దేవకమ్మ చంచా కింద పెట్టింది. లేవబోయింది. చంద్రకాంతమ్మ ఆమె మోచేతి మీద చెయ్యి వేసింది.

"తింటా ఉండాదన్నా. తినే మనిషిని లేపకూడదు. తిన్నాక వస్తాది."

"మా ఇంటి మనిషిని లేపేదానికి నీ సెలవు కావాల్నా?"

"నాది కాదు, ఆమెది. ఆమెను అడగండి, లేస్తాదేమో."

చుట్టుపక్కల బల్లలవాళ్లు తలలు తిప్పారు. వెంకటేశ్వర్లు భార్య వైపు చూశాడు. దేవకమ్మ తల ఎత్తలేదు, లేవనూ లేదు. చంచా మళ్లీ తీసుకుని గిన్నెలో ముంచింది. పాల్ గమ్మున నాలుగో కుర్చీ వెనక్కి లాగి, కూర్చోమన్నట్టు నిలబడ్డాడు. వెంకటేశ్వర్లు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

"ఊరికి పోయినాక ఉండాది నాకు" అంది దేవకమ్మ మెల్లగా. తర్వాత గిన్నె పూర్తిగా ఖాళీ చేసింది. ఇంకొకటి కూడా తెప్పించుకుంది.

ఊరికి పోయాక ఆమెకు ఏమైందో చంద్రకాంతమ్మకు తెలియలేదు. నంబరు ఇచ్చి వచ్చింది గానీ ఫోను రాలేదు. తాను చేసింది మంచో చెడో అని అప్పుడప్పుడూ అనుకుంటుంది. దేవకమ్మ మోచేతి మీది చెయ్యి తీసేసి ఉండాల్సిందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

చెన్నై నుంచి బస్సు దిగేసరికి ప్రతాప్ వచ్చి ఉన్నాడు. కళ్ల కింద నలుపు, చేతి మీద నూనె పొక్కులు. ఒకరోజు అన్నం మాడిందట, ఒకరోజు మూసేశాడట. "ఇంక చాలు కదా మా? మళ్లా పోతానని అనవు కదా?" అన్నాడు పెట్టె అందుకుంటూ.

"ఎవురు చెప్పినారు చాలని?"

ఆ వారమే ఆమె పెయింటరు చేత ఒక బోర్డు రాయించి మెస్సు ముందు కట్టించింది. సోమవారం సెలవు అని. ఎప్పుడూ వచ్చే డ్రైవర్లు గొడవ చేశారు. యాత్రికులు తిరిగిపోతారని ప్రతాప్ మొత్తుకున్నాడు. బావగారు ఏర్పేడు నుంచి మళ్లీ ఫోను చేసి, ఓడెక్కి వచ్చి పొగరు పట్టిందన్నారు.

"పట్టింది బావా" అంది చంద్రకాంతమ్మ. "నిండా పట్టింది."

మొదటి సోమవారం ఆమె, కృపామణి సూళ్లూరుపేట బస్సెక్కి పులికాట్ పోయారు. కృపామణి తమ్ముడి పడవలో కూర్చున్నారు. పడవ దగ్గర అడుగు వేసేటప్పుడు చంద్రకాంతమ్మ ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కాలు జారి మోకాళ్ల దాకా బురదలో దిగబడింది. తమ్ముడు పరుగెత్తి వస్తుంటే, "ఉండప్పా, నేనే లేస్తాను" అని అరిచి, చీర బురదతో బరువెక్కినా, పడవ అంచు పట్టుకుని తనంతట తానే పైకెక్కింది.