తప్పంతా వీసీడీదే

బుడేన్ సాహెబ్‌ని ఏదైనా అడగండి, వీసీడీ ఎలా పనిచేస్తుందో చెబుతారు. ఏదైనా అంటే ఏదైనా. టైమెంత, ఎండెంత, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా రెన్యువల్ ఎప్పుడు, అన్నిటికీ జవాబు ఆ వెండిరంగు బిళ్ళలోనే ఉంది. రాయచోటిలో వీడియో షాపు నడిపిన మనిషి. జనం సినిమాలు ఫోన్లలో చూడ్డం మొదలెట్టాక షాపు మూతపడింది, ఆయన నోరు మూతపడలేదు. ఇప్పుడు కువైట్‌లో, అర్దియాలోని ఒక గ్యారేజీలో కార్ల వైరింగు చూస్తారు. మా గదిలో నా పక్క మంచం ఆయనది. నోరు ఆయనది, చెవులు నావి.

మొన్నొకరోజు పప్పులో ఉప్పు లేదు. వంట వంతు రాజాది. గదికి కొత్త, ఇంటి బెంగతో సగం వంట మరిచిపోయే రకం. మా గదిలోనే ఉండే హారూన్ కంచం తోసేశాడు.

"ఎవుడబ్బా దీన్ని వండింది?"

"చెప్తా ఆగు," అన్నారు సాహెబ్. "వీసీడీ వచ్చిన కాలంలో..."

"నేనడిగింది పప్పు గురించి సాబ్!"

"ఆడికే వస్తాండా. పాటల సీడీ ఎంతో ఇదీ అంతే. దాంట్లో సినిమా ఇరికియ్యాల. బొమ్మను పిండి పిండి సన్నం చేసినారు. ఐనా గంట దాటి కొంచేపటికే నిండిపాయ. అందుకే సినిమాకు రెండు డిస్కులు."

ఇక్కడ ఆగి నీళ్ళు తాగుతారు. డిస్కు మార్చడమన్నమాట. పారిపోవాలంటే అదే అదను. హారూన్ రెండో డిస్కుకు జడిసి, ఉప్పులేని పప్పు మారుమాట లేకుండా తినేశాడు.

శుక్రవారం నమాజయ్యాక సాహెబ్ అమ్ఘరా తుక్కు యార్డులకు పోయి, చచ్చిన ప్లేయర్లను చంకలో పెట్టుకొస్తారు. గదిలో చెప్పులకు చోటు లేదు. పాత వస్తువుల మాధుర్యం మీద వ్యాసాలు రాసేవాళ్ళను ఒక వారం మా గదిలో పడుకోబెట్టాలని నా కోరిక.

అలాంటి ఒక శుక్రవారం సిద్ధమ్మ వచ్చింది. ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో పని. ఊరినుంచి ఎవరో ఊరగాయతో పాటు ఆమె పెళ్ళి వీసీడీ తెచ్చారు. దారిలో ఊరగాయ నూనె కారింది. రోజూ మామా అని పిలిచే యజమానురాలి గిన్నెలను అద్దాల్లా మెరిపించే చెయ్యి కదా, స్టీలు పీచు పెట్టి డిస్కును కూడా తోమింది. డిస్కు తళతళలాడింది. బొమ్మ రాలేదు.

"అన్నా, మాయమ్మ పోయి ఏండ్లాయ. ఆయమ్మ కదిలే బొమ్మ దీంట్లో తప్ప యాడా లేదు. నా చేత్తో నేనే తుడిచేసుకున్యానా?"

సాహెబ్ డిస్కును వెలుతురులో తిప్పారు. దున్నిన చేనులా ఉంది. టూత్‌పేస్టు రాసి, దూదితో నెమ్మదిగా రుద్దారు. మర్యాద తెలిసిన ప్లేయర్లన్నీ డిస్కును ఉమ్మేశాయి. అమ్ఘరా నుంచి వచ్చిన ఒక మొరటుది మింగింది.

తెర మీద పెళ్ళికొడుకు బొమ్మలా కూర్చుని చక్కగా కనిపిస్తున్నాడు. వెనక రంగురంగుల ఇటుకల కుప్ప ఒకటి అటూ ఇటూ నడుస్తోంది.

"ఆ ఇటుకలే మాయమ్మ!" సిద్ధమ్మ తెర దగ్గరికి జరిగింది. "నేను తోమినందుకే కదన్నా?"

"ఎవురు చెప్పినారు? చెప్తా ఆగు."

నేను చెప్పుల కోసం చూశాను. ప్లేయర్ల కింద ఉన్నాయి.

"వీసీడీ అన్నీ గియ్యదు చెల్లెమ్మా. ఒక బొమ్మ నిండుగా గీస్తాది. ఆమీట ఏది కదిలితే దాన్నే గీస్తాది. మీ ఆయన కదల్లా, బాగుండాడు. మీ అమ్మ ఒక్కచోట నిలబడిందా?"

"యాడ నిలబడ్తాదన్నా! అందరూ తినేదాంకా ఆయమ్మ కాలు నిలవదు."

"అదీ సంగతి." నీళ్ళు తాగారు. "ఇంగోటి. జాగా చాలక, చెడిపోతే సరిచేసే కాపలావాన్ని దింపేసి, ఆ సీట్లో కూడా బొమ్మనే కూచోబెట్టినారు. నీ తప్పేం లేదు. తప్పంతా వీసీడీదే."

అప్పుడే ఇటుకల కుప్ప నేరుగా కెమెరా ముందుకొచ్చింది. గొంతు మాత్రం గంటలా ఉంది. "ఓ వీడియో అబ్బీ! పొద్దున్నుంచీ తీస్తానే ఉండావే, కూడు తిని తీద్దువు రా!"

జవాబు కోసం ఆమె ఒక్క క్షణం నిలబడింది. ఇటుకలు సర్దుకుని ముఖమయ్యాయి.

సిద్ధమ్మ పకపకా నవ్వింది. సాహెబ్ ఆ ముక్కను ఆమె ఫోన్‌లోకి ఎక్కించారు. "ఎవుడు కనిపెట్టినాడో ఈ పాడు వీసీడీని!" అని హాయిగా తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

"సాహెబ్, ఆ గీతలు స్టీలు పీచువి కదూ?" అన్నాను.

"పీచువే సార్. వీసీడీ కాబట్టి ఎంత తప్పు వేసినా మోస్తాది. దానికేమన్నా వీసా ఇచ్చిన కఫీల్ ఉండాడా, పనిలోంచి తీసేస్తాడా?"

మర్నాడు సాయంత్రం అన్నం మాడింది. "ఈపొద్దు ఎవుడబ్బా?" అని హారూన్ మొదలెట్టాడు. రాజా చేతిలో గరిటె ఆగిపోయింది. సాహెబ్ గ్యారేజీ నుంచి ఇంకా రాలేదు.

అంత కథ చెప్పే ఓపిక నాకేం లేదు. అయినా కంచం కింద పెట్టాను.

"చెప్తా ఆగు హారూన్. వీసీడీ వచ్చిన కాలంలో..."

గొంతెండి నీళ్ళ కోసం ఆగేసరికి గుమ్మంలో చెప్పులు విప్పుతున్న చప్పుడు.

"మీరు తాగండి సార్. రెండో డిస్కు నేను వేస్తా."