ఆగిన గనిలో పంపు పెద్దయ్య

సోమవారం పొద్దున ఆఫీసుకు తయారవుతుండగా సూరత్‌లోని ఉధ్నా నుంచి ఫోన్ వచ్చింది. పెద్దయ్య కోడలు. "అక్కా, మామ పోయిండు. డ్యూటీకి పోదామని బూట్లు తొడుక్కుంటుండె. ఛాతిల నొప్పి అన్నడు, గంతే" అంది. ఆటో వచ్చేలోపే అయిపోయిందట. ఆ అమ్మాయి ఏడవడం లేదు. ఇంకా ఎవరెవరికి చెప్పాలో నన్నే అడిగింది.

సూరత్‌కు రెండు గంటల దూరంలో ఉన్న ఒక బొగ్గు గనికి ప్రభుత్వ అనుమతుల పని చూసే ఇంజనీర్ని నేను. పెద్దయ్య ఆ గనిలో పంపు ఆపరేటరు. ఊట నీళ్లు, వాన నీళ్లు గోతిలో నిండకుండా తోడిపోయడం ఆయన పని. అంతకుముందు ముప్పై ఏళ్లు ఉధ్నాలో పవర్‌లూమ్ మీద చీరలు నేశారు. ఆ మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి. అందుకే పంపు ఎలా నడుస్తోందో చెవితో కాదు, చేత్తో చూసేవారు. దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవారు. "జర వేడున్నది" అంటే ఆ రోజు మెకానిక్‌ను పిలవాల్సిందే. డబ్బాలో జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తెచ్చుకునేవారు. నేను వెళ్లిన రోజు సగం రొట్టె నాది.

నాలుగేళ్ల కింద మా బొగ్గు కొనే, బట్టలకు రంగులద్దే మిల్లులు ఒక్కొక్కటే వేరే బొగ్గుకు మళ్లాయి. తవ్వకం ఆగిపోయింది. గనిని పూర్తిగా మూసేయడం కంపెనీకి ఇష్టం లేదు, నడిపే దారీ లేదు. అలాంటప్పుడు తాత్కాలిక మూసివేత కింద పెట్టమని గనుల భద్రతాధికారులకు దరఖాస్తు చేయాలి. పని ఆగినా నీళ్లు తోడతాం, కంచె వేస్తాం, మనుషుల్ని కాపలా ఉంచుతాం అని రాసివ్వాలి. ఆ దరఖాస్తు రాసింది నేనే. "పంపు నిరంతరాయంగా నడుస్తున్నది" అని కూడా నేనే రాశాను. అప్పటికే మోటారు కాలిపోయి ఉంది. నడవని గనికి కొత్త ఖర్చెందుకని బాగు చేయించలేదు. అనుమతి వచ్చాక చూద్దాంలే అన్నారు మా మేనేజరు. నేనూ సరే అనుకున్నాను.

తనిఖీకి ఇన్‌స్పెక్టర్ వచ్చారు. గుజరాతీ ఆయన. పంపు దగ్గరికి వచ్చి, రోజూ నడుస్తోందా అని పెద్దయ్యను హిందీలో అడిగారు. నేను పక్కనే నిలబడి, ఆయనకు తెలుగు రాదు కదా అన్న ధైర్యంతో మెల్లగా అన్నాను: "పెద్దయ్యా, రోజూ నడుస్తోందని చెప్పండి."

"ఏందీ?" అన్నారు పెద్దయ్య, గోతి అవతలి గట్టుకు వినపడేలా. "రోజూ నడుస్తాందని చెప్పాల్నా?"

'రోజూ' అన్న మాట గుజరాతీ ఆయనకైనా అర్థమవుతుంది. ఇన్‌స్పెక్టర్ నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను. పెద్దయ్య మాత్రం ఆయన వైపు తిరిగి, "నహీ సాబ్, పంద్రా దిన్ సే బంద్ హై. మోటర్ జల్ గయా" అని ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు.

దరఖాస్తు తిరిగొచ్చింది. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి అరగంట తిట్టారు. పెద్దయ్యను తీసేస్తామన్నారు. మర్నాడు కోపంగానే గనికి వెళ్లాను.

"నేను చెప్పింది మీకు నిజంగా వినపడలేదా?" అని గట్టిగా అడిగాను.

"సగం ఇనవడ్డది, సగం నీ మూతి సూసి తెలుసుకున్న. నువ్వు మెల్లగ చెప్పినవ్. మంచి మాటైతే మెల్లగెందుకు చెప్తవ్ బిడ్డా?" అన్నారు. తర్వాత చెప్పులేసుకుని లేచారు. "దా, ఒకటి సూపిస్త."

గోతి అంచున ఊరి బండ్ల బాట ఉంది. పిల్లల స్కూలు ఆటోలు కూడా అటే వెళ్తాయి. నీళ్లు పెరిగి అడుగున మట్టి నానడంతో బాట పక్కన పగులు పడింది. నా అరచెయ్యి దాంట్లో మణికట్టు దాకా పట్టింది.

"నడిచే గనిని నలుగురు సూస్తరు. ఆగినదాన్ని ఎవ్వరు సూడరు. గందుకే దీనికే ఎక్కువ పనుంటది" అన్నారు.

ఆ పగులు ఫొటోలు తీసి మేనేజరు బల్ల మీద పెట్టాను. ఈసారి అబద్ధం రాయనని చెప్పాను. పెద్దగానే చెప్పాను. ఆయన ఫొటోలను రెండుసార్లు తిరగేసి, మోటారు బాగు చేయించమన్నారు. పెద్దయ్యను తీసేసే మాట మళ్లీ ఎత్తలేదు. బాటకు అడ్డం కంచె పడింది, ఆటోలు పొలాల చుట్టూ తిరిగి వెళ్లాయి. నీళ్లు దిగాక నేనూ పెద్దయ్యా కలిసి లోతు కొలిచాం. ఉన్నది ఉన్నట్టు రాసిన కాగితానికి అనుమతి వచ్చింది. రేయింబవళ్లు పంపు దగ్గర మనిషి ఉండాలన్నది అందులో మొదటి షరతు.

"అంటే నా నౌకరి సర్కారే పక్కా చేసినట్టా?" అని పెద్దయ్య నవ్వారు. ఆ వానాకాలం బాట అంచు నిజంగానే కొంత విరిగి గోతిలో పడింది. అప్పుడు దాని మీద ఎవరూ లేరు. పెద్దయ్య దాని గురించి ఎప్పుడూ గొప్ప చెప్పుకోలేదు. నేను మాత్రం అప్పటి నుంచి ఏ కాగితమైనా సంతకానికి ముందు ఒకసారి పైకి చదువుకుంటాను. పైకి చదవలేని వాక్యం ఉంటే కొట్టేస్తాను.

ఉధ్నాలో అంత్యక్రియలయ్యాక, మూడో రోజు గనికి వెళ్లాను. ఆయన చోట కొత్త మనిషిని పెట్టాలి కదా. గోతిలోంచి తోడిన నీళ్లు కాలువ గుండా పక్క చెరకు తోటలోకి పారుతున్నాయి. రైతు మోకాళ్ల దాకా బురదలో నిలబడి మడవ తిప్పుతున్నాడు. నన్ను చూసి, "కాకా నహీ ఆయే?" అని పెద్దయ్య గురించి అడిగాడు. చెప్పాను. అతను తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని పంపు షెడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. మడి నిండి నీళ్లు గట్టు మీదుగా పొర్లడం మొదలైంది. అప్పుడు వంగి, పార అందుకుని, నీళ్లను పక్క సాలులోకి తిప్పాడు.