విప్పకూడని దోమతెరలు

కొవిడ్ తర్వాత న్యూజిలాండ్ సరిహద్దులు తెరిచిన ఏడాది నేను ఆక్లండ్ ఓడరేవులో దోమల నిఘా టెక్నీషియన్‌ని. వెల్లింగ్టన్‌లోని ఒక శాఖ ఇచ్చిన కాంట్రాక్టు ఉద్యోగం. హోదాల్లో నా కిందివి పట్టుబడ్డ దోమలే. ఓడల్లో దిగిన పాత టైర్లలో నిలిచిన నీళ్లు తోడి, లార్వాలుంటే సూక్ష్మదర్శిని కింద పెట్టి ఏ జాతో తేల్చడం పని. మలేరియా మోసే అనాఫిలిస్ దోమ ఈ దేశంలో లేదు, రాకుండా చూడాలి. అంటే ఏమీ దొరకని రోజే మాకు మంచి రోజు. ఏమీ దొరకనప్పుడు వీళ్లంతా ఎందుకని తర్వాత శాఖవారికే సందేహం వచ్చింది. ముప్పై మూడేళ్లకే నేను మాజీ ఉద్యోగినైంది అలా.

ఆ చలికాలం, అంటే మనవైపు వానాకాలం, ఆక్లండ్‌లోనే మౌంట్ ఆల్బర్ట్ అనే పేటలోని తెలుగు క్రైస్తవ కుటుంబాల బృందం ఒకటి రంపచోడవరం పైనున్న ఒక గూడెంలో వారం రోజుల వైద్య శిబిరానికి బయలుదేరుతూ, దోమల గురించి మాట్లాడమని నన్ను పిలిచింది. బృందంలో ఎక్కువమంది నర్సులు. అధ్యక్షుడు ఇమ్మానుయేలు అంకుల్‌కి ఒక డెయిరీ ఉంది. ఇక్కడ డెయిరీ అంటే వీధి చివర కిరాణా కొట్టు. వైద్యంతో ఏ సంబంధమూ లేదు గనుక వైద్య శిబిరానికి ఆయన్నే పెద్దగా పెట్టారు.

డెంగీ మోసే దోమ పగలు కుడుతుందనీ, అనాఫిలిస్ పొద్దుగూకాక మొదలుపెట్టి తెల్లవారేదాకా కుడుతుందనీ చెప్పాను.

"దోమలకి కూడా రోస్టర్ ఉంటుందేంటి బాబూ?" అన్నారు అంకుల్.

"మనకన్నా నయం అంకుల్, డబుల్ షిఫ్టులు చెయ్యవు," అంది వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ చేసే ప్రసన్న. హాలంతా నవ్వింది.

అంకుల్ తగ్గలేదు. "మురికి కాలవే లేని కొండ ఊళ్లో మలేరియా ఎక్కడిది? అయినా మనం ఆ నీళ్లు తాగి పెరిగినోళ్లం. మనల్నేం చేస్తుంది?"

కొండవాగుల్లోని తేట నీళ్లలోనే కొన్ని అనాఫిలిస్ జాతులు పెరుగుతాయని చెప్పాను. పదేపదే మలేరియా వచ్చినవాళ్లలో కొంత తట్టుకునే శక్తి ఏర్పడినా, ఏళ్ల తరబడి దూరంగా ఉంటే అది పోతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు అసలు ఉండదు. ఆ మాటకు ప్రసన్న నవ్వు ఆగిపోయింది. ఎనిమిదేళ్ల కూతురు గ్రేస్‌ని ఆమె వెంట తీసుకెళ్తోంది. ఇద్దరికీ డాక్టరు రాసిన మలేరియా మాత్రలు అప్పటికే కొని ఉంచింది. దోమతెరల మాటేమిటని అడిగింది.

తెరలకు కొదవ లేదు. గూడెంలో పంచడానికి మందు పట్టించిన తెరలు రాజమండ్రిలో కొని మూటలు కట్టించి ఉంచారు. నాకు సంతోషమేసింది. ఊళ్లో చాలామంది అలాంటి తెరల కింద పడుకుంటే, వాటి మీద వాలిన దోమలు చస్తాయి. తెర లేనివాళ్లకు కూడా కాట్లు తగ్గుతాయి. అంతలో అంకుల్ కార్యక్రమం చదివారు. పంపిణీ చివరి రోజు సాయంత్రం, ప్రార్థన తర్వాత, ఫొటోలతో. అప్పటిదాకా మూటలు బృందం పడుకునే బడి గదిలోనే ఉంటాయి.

"మరి అన్ని రాత్రులూ మన సంగతేంటి?" అంది ప్రసన్న.

"అవి కానుకలమ్మా. ప్రార్థన చేసి ఇవ్వకముందే మనం విప్పి వాడుకుంటే ఎంగిలి చేసినట్టుండదూ?"

తలలన్నీ ఊగాయి. కేకుకి వర్తించే మర్యాద దోమతెరకీ వర్తించింది. దోమల మధ్య, దోమతెరల మూటలకు ఆనుకుని, దోమతెర లేకుండా పడుకోవాలని చదువుకున్న పెద్దలు తీర్మానించారు. అనాఫిలిస్‌కి ఇంత ఆతిథ్యం నా ఉద్యోగకాలంలో ఎక్కడా చూడలేదు.

ప్రసన్న లేచి నిలబడింది. "మొదటి మూట నేను విప్పుతా అంకుల్. ఎంగిలైతే నా పిల్ల ఎంగిలే కదా. కుదరదంటే మా ఇద్దరి పేర్లూ కొట్టెయ్యండి."

శిబిరంలో మందులిచ్చే బాధ్యత ఆమెది. అంకుల్ పేర్లు కొట్టెయ్యలేదు, సరే అనీ అనలేదు. "అక్కడికెళ్లాక చూద్దాం" అన్నారు.

జరిగింది తర్వాత ప్రసన్న చెప్పింది. దిగిన సాయంత్రమే, చీకటి పడకముందు, ఆమె మూట విప్పింది. తాడు తెచ్చినవాళ్లెవరూ లేరు. చున్నీలతో కిటికీ ఊచలకు తెర కట్టి గ్రేస్‌ని లోపల కూర్చోబెట్టింది. చూడవచ్చిన గూడెం ఆడవాళ్లలో ఒకామె, "మాయి కూడా ఇప్పుడే ఇచ్చెయ్యండమ్మా. మీ చివరి రోజుదాకా దోమలు ఆగుతాయా?" అంది. ఆ పూట ప్రార్థన బాగా పొట్టిగా జరిగి, వెలుతురుండగానే పంపిణీ పూర్తయింది. అంకుల్ కూడా ఒక తెర తీసుకున్నారు.

చివరి రోజు ఫొటోల కోసం తెరలన్నీ విప్పి, మడిచి, కవర్లలో పెట్టి తెమ్మని ఆయన కబురు పెట్టారట. "కట్టినయ్యి విప్పం. ఫొటో కావాలంటే నువ్వే లోపలికి రా సారూ" అని జవాబొచ్చిందట. ఆ ఫొటో చూశాను. అంకుల్ ముఖం మసకగా ఉంది. తెర మాత్రం బాగా పడింది.

గ్రేస్‌కి జ్వరం రాలేదు. తెర వల్లనే రాలేదని రాయను. మాత్రలు కూడా వేసుకుంది. పైగా ఒక్క పిల్లతో ఏదీ రుజువు కాదు. నేను నేర్చుకున్నది వేరు. ప్రయాణ బృందాలతో మాట్లాడేటప్పుడు దోమ బొమ్మలతో మొదలుపెట్టడం మానేశాను. మొదటి రాత్రి ఎవరెక్కడ పడుకుంటారు, తెర దేనికి కడతారు, తాడు ఎవరు తెస్తారు అని ముందు అడుగుతాను. ఈ మూడింటికీ జవాబులొచ్చాకే దోమ సంగతి.