మెట్టు మీద అక్క చెప్పులు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ధైర్యం ఎక్కువై కాదు, మా ఇంట్లో ఆ మాటకే చోటు లేదు. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర నిద్రపోతున్నారని, ఆయన లేపేదాకా లేవరని అమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఆ మాట నాకు నచ్చేది. నిద్రపోయేవాళ్ళంటే భయం దేనికి? ఆ నమ్మకంతోనే పెరిగాను. అందుకే జరిగింది ఎవరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది చిలకలగూడలో, మేడమీద అద్దె వాటాలో. అమ్మ, ఎస్తేరక్క, నేను. నాన్న రైల్వేలో ఉద్యోగం చేస్తూనే పోయారు. అక్క ఒక బ్యాంకులో పనిచేసేది. నేను ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెప్తాను. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. గ్యాస్ బండ కోసం ఫోన్ చేయాలన్నా అక్కే చేసేది.

అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. మార్పిడికి నా కిడ్నీగానీ అమ్మదిగానీ కుదరదని తేలిన తర్వాత, రోజు విడిచి రోజు డయాలసిస్ అన్నారు. మెషిన్ పక్కన పడుకుని అన్ని గంటలు ఏం చేస్తుంది పాపం! అప్పుడే ఈ ప్రయాణం ఆలోచన మొదలుపెట్టింది. ఇటలీలో, మధ్యధరా సముద్రం ఒడ్డున, ఏదైనా ఒక చిన్న ఊరు. ఇద్దరమే వెళ్ళాలి.

అందరూ ఊరి పేరుతో మొదలుపెడతారు. మేం డయాలసిస్ సెంటర్లతో మొదలుపెట్టాం. ఫోన్లో నేను ఏ ఊరి ఫోటో చూపించినా అక్క ముందు అదే అడిగేది. కొండ మీద రంగురంగుల ఇళ్ళు, కింద నీలంగా నీళ్ళు, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. "బాగుంది సరే, మెషిన్ ఉందా?" అనేది. లేదంటే ఆ ఊరు పక్కకు పోయేది. అలా పోగా పోగా ఒక ఊరు మిగిలింది. కొండ దిగితే పక్క పట్నంలో ఆస్పత్రి, బయటినుంచి వచ్చినవాళ్ళకు కూడా చేస్తారట.

"నీకు నీళ్ళే తాగొద్దన్నారు, నీళ్ళ కోసం అంత దూరం పోతావా?" అంది అమ్మ.

"తాగొద్దన్నారు మమ్మీ, చూడొద్దనలేదుగా!"

నర్సులు కూడా నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. "నన్ను వదిలేసి పోవుగా?" అని అడిగాను. నేనడిగింది ఇటలీ గురించి కాదని దానికి తెలుసు.

"నువ్వు లేకుండా నేనెక్కడికి పోతానే, పిచ్చీ? సూట్‌కేస్ ఎవరు మోస్తారు?" అంది.

దాని చెప్పుల సంగతి ఇక్కడే చెప్పాలి. పాదాలు వాచేవి, ఎడమది మరీ. చెప్పులు పట్టేవి కావు. స్టేషన్ రోడ్డులో చెప్పులు కుట్టే ఆయన ఎడమ చెప్పు పట్టీ కోసి, మధ్యలో ఇంకో తోలుముక్క అతికి, గోధుమరంగు దారం అయిపోయిందని ఆకుపచ్చ దారంతో కుట్టాడు. ఆకు మీద గొంగళిపురుగు పాకినట్టుండేది ఆ కుట్టు. అక్కకి అది తెగ నచ్చింది.

ఇంకో అలవాటు. ఇంటికి రాగానే చెప్పులు విప్పి, వాటి ముందు భాగం మెట్ల వైపు ఉండేలా తిప్పి పెట్టేది. మళ్ళీ వెళ్ళేటప్పుడు వంగకుండా కాళ్ళు దూర్చేయడానికి. "ఇంట్లోకి వచ్చావా, పోవడానికి వచ్చావా?" అని అమ్మ రోజూ కసిరేది.

ఇటలీలో ఆ ఊళ్ళో గది మాట్లాడుకున్నప్పుడు అక్కడి ఇంటావిడ వీడియో కాల్‌లో అంతా చూపించింది. పెద్దావిడ, ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చు. రాతి మెట్లు, నీలం తలుపు, పక్కన కుండీలో నిమ్మచెట్టు, లోపల రెండు మంచాలు. "కిటికీ పక్కది నాది, తలుపు పక్కది నీది. దొంగలొస్తే ముందు నిన్ను పట్టుకుంటారు" అంది అక్క. వీసాకి ఇద్దరం వేలిముద్రలు ఇచ్చి వచ్చాం. ఆ రోజు ఆటోలో అది నా భుజం మీద తల పెట్టి పడుకుంది.

తర్వాత కొద్దిరోజులకే, డయాలసిస్ జరుగుతుండగా దాని గుండె ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకునే ఉన్నాను.

తెల్లచీర కట్టి సమాధి చేశాం. ఆస్పత్రిలో కవర్లో పెట్టి ఇచ్చిన చెప్పుల్ని నేనే ఇంటికి తెచ్చి, గుమ్మం పక్కన దాని చోట్లో, దాని పద్ధతిలోనే పెట్టాను. అమ్మ వాటిని తియ్యనివ్వలేదు.

ఆ వారమే మా పాస్‌పోర్టులు వచ్చాయి. అక్కకి వీసా ఇచ్చారు. నాకు ఇవ్వలేదు. ఉద్యోగం లేదు కాబట్టి అయ్యుంటుంది. అమ్మ రెండూ బీరువాలో పెట్టి తాళం వేసింది.

తర్వాత ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. సంఘంలోవాళ్ళు, బ్యాంకువాళ్ళు చాలామంది వచ్చారు. మెట్ల నిండా చెప్పులే. ప్రార్థన అయి, టీలు తాగి అందరూ వెళ్ళాక చూస్తే అక్క చెప్పులు లేవు.

కింద ఉండే ఇంటి ఓనరు ఆంటీ ఓదార్చింది. "పరేషాన్ గాకు బిడ్డా. గింతమంది వచ్చిన్రు, ఎవరో చూస్కోక ఏస్కపోయుంటరు. రేపు తెచ్చిస్తరు తియ్."

నేనూ అదే అనుకున్నాను. కూడికలప్పుడు చెప్పులు మారిపోవడం మాకు మామూలే. కానీ ఎవరైనా పొరపాటున వేసుకెళ్తే వాళ్ళ జత మిగలాలి కదా. మెట్ల మీద ఏ జతా మిగల్లేదు. పోనీ దొంగతనమా అంటే, అతికిన పాత చెప్పులు ఎవరికి కావాలి? కుక్క ఎత్తుకుపోయిందా అంటే, రెండూ ఎత్తుకుపోతుందా? వీధంతా వెతికాను. దొరకలేదు.

మేం వెళ్ళాల్సిన రోజులు దగ్గరపడ్డాయి. గది వద్దని చెప్పాలి. ఇలాంటివి చెప్పే మనిషి లేదు కాబట్టి ఇటలీలో ఇంటావిడకి నేనే మెసేజ్ పెట్టాను, రావడం లేదని మాత్రమే. కారణం రాయడానికి చేతులు రాలేదు. ఆవిడకు సరిగ్గా అర్థమైనట్టు లేదు. ఒక మధ్యాహ్నం, అమ్మ చర్చిలో స్త్రీల కూడికకు వెళ్ళినప్పుడు, వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దుటి ఎండ. నేను నోరు తెరిచేలోపే ఫోన్ పట్టుకుని మెట్లెక్కుతూ, గది శుభ్రం చేశాను చూడండి అన్నట్టు ఏదో చెప్తోంది. వెనక సముద్రం మెరుస్తోంది. నిమ్మచెట్టు. నీలం తలుపు.

తలుపు దగ్గర ఆగి ఆవిడ విసుక్కుంది. ఇవి ఎవరివో తెలియదు, గదిలో ఎవరూ లేరు, తాళం నా దగ్గరే ఉంది, మా ఊళ్ళో ఎవరూ ఇలా గుమ్మం బయట విప్పరు, అంటూ ఫోన్ కిందికి వంచింది.

మెట్టు మీద ఒక జత చెప్పులు. ఎడమ దాని పట్టీ మధ్యలో అతుకు. అతుకు మీద ఆకుపచ్చ దారం.

బొమ్మ స్పష్టంగానే ఉంది. పట్టపగలు. నాకు జ్వరం లేదు, నిద్రమత్తు లేదు. "మీవా?" అని అడిగిందావిడ. "మీ అక్క ఎలా ఉంది?" అని కూడా అడిగింది. అంతలో నెట్ పోయింది. నేను తిరిగి చేయలేదు. ఆవిడ మళ్ళీ రెండుసార్లు చేసింది, ఎత్తలేదు.

ఒక ఫోటో పంపండి అని రాస్తే తేలిపోతుంది. ఎన్నోసార్లు టైప్ చేసి చెరిపేశాను. అవి కాదని తేలితే అక్క నిజంగా ఎక్కడా లేనట్టు. అవేనని తేలితే నేను వెళ్ళలేని చోట ఉన్నట్టు. రెండిట్లో ఏదీ నేను భరించలేను.

అమ్మకు చెప్పలేదు. రోజూ కుటుంబ ప్రార్థనలో "నా బిడ్డ నీ దగ్గర నెమ్మదిగా నిద్రపోతోంది తండ్రీ" అంటుంది. ఆ ఒక్క మాట మీదే ఆమె నిలబడి ఉంది. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అంటాను.

అలాంటి ఆకుపచ్చ కుట్టు ఇంకో చెప్పుకి ఉండొచ్చు. నా దిగులే నాకలా చూపించి ఉండొచ్చు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఒకటి చూశాను, దానికి మాత్రం ఏం చెప్పుకోవాలో తెలియడం లేదు.

మా ఇంటి దగ్గర ఆ చెప్పులు ఎప్పుడూ బయటికే తిరిగి ఉండేవి. అక్కడ లోపలికి తిరిగి ఉన్నాయి, తలుపు వైపు. మళ్ళీ ఎక్కడికీ పోయే పనిలేని మనిషి విప్పినట్టు.

అక్క అక్కడికెలా వెళ్ళిందో నాకు తెలియదు. నన్ను వదిలేసి ఎందుకు వెళ్ళిందో అసలే తెలియదు.